ఎసట్లో పోసే ముందు

మృగశిర కార్తెలో ఒక్క వాన పడితే చాలు, మా గుత్తి బస్టాండులో కొత్త ముఖాలు కనిపిస్తాయి. భుజాన సంచి, చేతిలో నీళ్ల సీసా, కొందరి చంకలో చంటిబిడ్డ. జొన్నగిరి బస్సు ఎప్పుడొస్తుందని ఒకరు, తుగ్గలికి ఎక్కడ ఎక్కాలని ఒకరు అడుగుతుంటారు. వాళ్లంతా వజ్రాల కోసం వచ్చినవాళ్లు. తొలకరికి పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు కడిగినట్టు బయటపడతాయి. అటు జొన్నగిరి, తుగ్గలి చేలల్లో, ఇటు వజ్రకరూరు చేలల్లో పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా తల వంచుకుని నడుస్తూనే ఉంటారు. మధ్యాహ్నం ఏ వేపచెట్టు కిందో సద్దిమూట విప్పుతారు. ఏటా ఎవరికో ఒకరికి దొరికిందని కబురు వస్తుంది. మిగతా వందల మంది కాళ్లనొప్పులతో ఇళ్లకు పోతారు.

వాళ్లను తప్పు పట్టే మనసు నాకు లేదు. కూతురి పెళ్లికి చేసిన అప్పు, ఎండిపోయిన బోరు, మందుల ఖర్చు మనిషిని ఎంత దూరమైనా నడిపిస్తాయి. కానీ ఈ వారం బస్టాండులో వాళ్ల మధ్య నిలబడినప్పుడు మా అవ్వ గుర్తొచ్చింది. వాన పడిన తెల్లవారి ఆమె కూడా చేనికి పోయి తల వంచేది. గట్టు మీద నిలబడి, కొంగు తలమీదికి లాక్కుని, కళ్లు మూసుకునేది. ఆమె ప్రార్థన ముగిసేదాకా తాత గుంటక మీద చెయ్యి వేసేవాడు కాదు. పదును ఆరిపోతుందన్న తొందర ఆయనకు లేక కాదు. ముందు ఏది, తర్వాత ఏది అన్న వరస ఆ ఇంట్లో ఎప్పుడో తేలిపోయింది.

ఆ వరస అన్నిటికంటే బాగా తెలిసేది వంటింట్లో. పొయ్యి పక్కన మట్టి ముంత ఒకటి ఉండేది. మేం దాన్ని దేవుని ముంత అనేవాళ్లం. పొయ్యి మీద ఎసరు మరుగుతుండగా అవ్వ ఇంట్లో ఎందరున్నారో లెక్క చూసుకుని బియ్యం చాటలోకి కొలిచేది. కొలిచాక అందులోంచి ఒక గుప్పెడు తీసి ముంతలో వేసేది. మిగిలినవి కడిగి ఎసట్లో పోసేది. బియ్యం లేని రోజుల్లో కొర్రలు, అవీ లేకపోతే సంగటికి తీసిన రాగిపిండి. ఆదివారం ఆ ముంతను కొంగు కింద పెట్టుకుని గుడికి తీసుకుపోయి, బల్ల ముందు పెట్టిన బుట్టలో వంపేది. అందరి బియ్యం ఒకే బుట్టలో కలిసేవి. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, నూకలు, కొర్రలు. ఆ బుట్ట ఆ వారం ఎవరింట్లో పొయ్యి వెలగలేదో ఆ ఇంటికి పోయేది.

చిన్నప్పుడు ఒకసారి అడిగాను. "అవ్వా, కొలిచినాక ఎందుకు తీస్తావు? డబ్బాలోంచే తీసి ముంతలో ఎయ్యొచ్చు కదా?"

ఆమె చెప్పిన మాట నేను బతికున్నన్నాళ్లూ మరవను. "డబ్బాలోంచి తీస్తే డబ్బాకు తెలుస్తాది నాయనా. కొలిచిన దాంట్లోంచి తీస్తే మన కడుపుకు తెలుస్తాది."

ఈ పనిలోని నేర్పు అంతా ఆ ఒక్క మాటలో ఉంది. కొలవకుండా ఇవ్వమని అవ్వ అనలేదు. లెక్క చూసుకో, ఎంత కావాలో తెలుసుకో, అది తెలిశాక కూడా మొదటి గుప్పెడు నీది కాదని గుర్తుంచుకో. వండేవాళ్ల గుప్పిటతోనే తీయాలి, చిన్నపిల్లల చేత తీయించకూడదు. నిండుగా తీయాలి, వేళ్ల సందుల్లోంచి జారిపోయేలా వదులుగా పట్టకూడదు. ఇంకో నియమం కూడా ఉండేది. అప్పు తెచ్చిన బియ్యంలోంచి గుప్పెడు తీయకూడదు. "అది మనది కాదు, మనది కానిది దేవునికి ఎట్ల ఇస్తాము?" అనేది. అలాంటి రోజు ఆమె ఖాళీ చేతిని ముంతలో పెట్టి, కాసేపు అట్లే ఉంచి, బియ్యం అప్పిచ్చిన ఇంటివాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పి ప్రార్థన చేసేది. ఇవ్వడానికి ఏమీ లేని రోజున కూడా ఆ చెయ్యి ముంత దగ్గరికి పోవడం మానలేదు.

ఇది మా ఒక్క ఇంటి ఆచారం కాదు. తెలుగు క్రైస్తవ సంఘాల్లో చాలాచోట్ల పాతతరం ఆడవాళ్లకు గుప్పెడు బియ్యం తెలుసు. ఈశాన్యాన మిజోరంలో 1910 ప్రాంతంలో మొదలైన ఇదే అలవాటు నేటికీ అక్కడి సంఘాల ఖర్చులకు కోట్ల రూపాయలు సమకూరుస్తోంది. మన వైపు 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన వేదనాయగం సామ్యూల్ అజరయ్య, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన తొలి భారతీయుడు, జీవితమంతా చెప్పిన సంగతుల్లో ఇదొకటి: పేద సంఘమైనా ఇవ్వడం నేర్చుకోవాలి, ఇవ్వడం ఆరాధనలో భాగం. ఆయన సంఘంలో ఎక్కువమంది మాలలు, మాదిగలు, భూమి లేని కూలీలు. వాళ్లను ఇవ్వమని అడగడం కఠినమని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఊరు ఎప్పుడూ చెయ్యి చాపేవాళ్లుగానే చూసిన మనుషులను ఇచ్చేవాళ్ల వరసలో నిలబెట్టడంలో ఎంత గౌరవం ఉందో మా అవ్వ నడక చూసిన నాకు తెలుసు. ఆదివారం ముంతతో గుడికి పోయేటప్పుడు ఆమె వంగి నడిచేది కాదు.

కడుపు నిండినవాళ్లు పుట్టించిన ఆచారం కూడా కాదిది. 1876 నుంచి 78 దాకా వచ్చిన ధాత కరువు నాటికి గుత్తి బళ్లారి జిల్లాలో ఉండేది. అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. ఆ కరువులో పని చేసే కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, కొద్దిపాటి పైకంతో పాటు సరిపోతుందని 1877లో ఆంగ్ల ప్రభుత్వ అధికారి సర్ రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టాడు. మా అవ్వకు ఆమె అవ్వ చెప్పిన కతలన్నీ ఆ కరువువే. ఆ కతలు విని పెరిగిన మనిషికి ఒక్కొక్క గింజ విలువ తెలుసు. తెలిసే గుప్పెడు తీసింది.

కొండమీది ప్రసంగంలో యేసు తిండి గురించి, బట్ట గురించి, రేపటి గురించి చింతపడొద్దని చెప్పి, దేవుని రాజ్యాన్నీ నీతినీ మొదట వెదకమన్నాడు. అందులో ఎక్కువమంది పట్టించుకోని మాట "మొదట". తిండి అక్కర్లేదని ఆయన అనలేదు. అవన్నీ మీకు కావాలని మీ తండ్రికి తెలుసన్నాడు. చింత కూర్చున్న చోటు నుంచి దాన్ని లేపమన్నాడు, అంతే. ఆయనే నేర్పిన ప్రార్థనను చూడండి. తండ్రి నామం, తండ్రి రాజ్యం, తండ్రి చిత్తం. ఆ మూడింటి తర్వాత నాలుగోది ఆ రోజు తిండి. తిండికి ప్రార్థనలో చోటు ఉంది, కానీ అది మొదటి చోటు కాదు.

కరువు సీమ మనిషిగా నాకు బైబిల్లో అన్నిటికంటే దగ్గరగా అనిపించేది సారెపతు విధవరాలి కథ. వానలు లేవు. ఏరు ఎండింది. ఆమె ఊరి గవిని దగ్గర పుల్లలు ఏరుకుంటోంది. ఇంట్లో గుప్పెడు పిండి, కొంచెం నూనె. తనూ కొడుకూ చివరిసారి తిని చావుకు సిద్ధపడాలనుకుంది. అప్పుడు ఏలీయా వచ్చి ముందు నాకొక చిన్న రొట్టె చేసి తీసుకురా అంటాడు. అక్కడా "ముందు" అన్న మాటే ఉంది. చదువుకునే రోజుల్లో ఆ ప్రవక్త మీద నాకు కోపం వచ్చేది, ఆ తల్లిని ఎట్లా అడగగలిగాడని. ఇప్పుడు మరొకటి చూస్తున్నాను. ఆ తర్వాత ఆమె తొట్టి పొంగి పొర్లలేదు. ఆమె ధనవంతురాలు కాలేదు. వాన వచ్చేదాకా పిండి అయిపోలేదు, అంతే. ఏ రోజుకు ఆ రోజు అడుగున కొంచెం ఉంది. మా సీమలో దేవుని కృప చాలాసార్లు ఇట్లాగే వస్తుంది, అడుగున కొంచెంగా.

ఇక్కడ ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. జాగ్రత్త వేరు, చింత వేరు. మా తాతల కాలంలో నేలలో పాతర తవ్వి జొన్నలు దాచేవాళ్లు. అది అవిశ్వాసం కాదు. యోసేపు ఐగుప్తులో ఏడేళ్ల పంటలో ఐదో వంతు దాచింది కూడా అదే తెలివి. ఎంత ఆకలి వేసినా విత్తనం కాయలు వొలుచుకుని తినడానికి రైతుకు చెయ్యి రాదు. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ వేళకు రాని వాన, పడే జిల్లాలో ముందుచూపు లేకుండా బతకలేం. వేరుశనగకు ఊడలు దిగే రోజుల్లో రెండు పదునులు తప్పితే చెట్టు పచ్చగానే ఉంటుంది, కింద కాయ ఉండదు. అది తెలిసిన రైతు ఆకాశం వంక చూడకుండా ఎట్లా ఉంటాడు? చూడాలి. కానీ జాగ్రత్త పని అయ్యాక పడుకుంటుంది. చింత పడుకోదు, పడుకోనివ్వదు. జాగ్రత్త పాతరలో పక్కింటికి కూడా చోటు ఉంటుంది. చింత మన ఇంటి గడప దాటి చూడనివ్వదు.

ఇది నేను పుస్తకంలో చదివి రాస్తున్నది కాదు. 2002 కరువులో నేనూ మా తమ్ముడూ అప్పు చేసి ఒకే ఏడు రెండు బోర్లు వేయించాం. మొదటిది నాలుగు వందల అడుగులు పోయినా తెల్లటి దుమ్మే వచ్చింది. రెండోదాంట్లో ఆరు వందల దగ్గర నీళ్లు పడ్డాయి, రెండు నెలలు పోసి ఎండిపోయాయి. అప్పటినుంచి రాత్రి కుటుంబ ప్రార్థన వేళకు నేను లెక్కల పుస్తకం ముందు కూర్చునేవాణ్ణి. పిల్లలు ప్రార్థన చేసుకుంటుంటే వడ్డీలు కూడుతుండేవాణ్ణి. ఒకనాడు మా ఆవిడ చాటలోంచి గుప్పెడు తీస్తుంటే, "అప్పులు తీరేదాకా ఇది ఆపుతావా?" అన్నాను. ఆమె మారు మాట్లాడలేదు. తీసిన గుప్పెడు చాటలోనే వేసి, ముంత మీద పళ్లెం మూత పెట్టింది.

ఆ మూత నాలుగు నెలలు అట్లాగే ఉంది. ఒకరోజు ఊరకే లెక్క వేశాను. గుప్పెడంటే యాభై గ్రాములు. రెండు పూటలకు నూరు గ్రాములు. నెలకు మూడు కిలోలు. నాలుగు నెలలకు పన్నెండు కిలోలు. మా అప్పు లక్షల్లో ఉంది. ఆ గుప్పెడు ఆపి నేను మిగిల్చింది ఏమీ లేదు. కానీ ఆ నాలుగు నెలల్లో పోయింది చాలా ఉంది. వీధిలో ఎవరింట్లో జ్వరమో, ఎవరు బెంగళూరుకు వలస పోయారో నాకు తెలియకుండా పోయింది. ముంత ఉన్నన్నాళ్లూ ఈ వారం ఇది ఎవరింటికి పోవాలన్న ప్రశ్న ఇంట్లో ఉండేది. ముంత మూసేసరికి ఆ ప్రశ్న పోయి, నా అప్పు ఒక్కటే మిగిలింది. గుప్పెడు తీసేది దేవుడికి బియ్యం లేక కాదు, నా గుప్పిట తెరుచుకోవడానికని అప్పుడు తెలిసింది.

ఆ రోజుల్లో సాయంత్రాలు నేను గుత్తి కోట కిందికి నడిచేవాణ్ణి. అక్కడ పాత దొరల సమాధుల తోట ఉంది. 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయిన మద్రాసు గవర్నర్ సర్ థామస్ మన్రోను తెచ్చి పూడ్చింది అక్కడే. నాలుగేళ్ల తర్వాత ఎముకలను మద్రాసు కోటలోని గుడికి తరలించారు. 1800 నుంచి ఏడేళ్లు ఈ దత్తమండలాల్లో పొలం పొలం కొలిపించి శిస్తు కట్టిన మనిషి ఆయన. పదవి వదిలి ఇంటికి పోయే ముందు చివరిసారి ఈ సీమను చూసిపోదామని వచ్చాడు. ఇంటికి పోలేదు. ఆయన కట్టిన లెక్కలు కచేరీల్లో ఉండిపోయాయి. మన వాళ్లు మాత్రం రైతు మాట చెవిన పెట్టిన దొరగా తలుచుకుని బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. రేపటిని ఎవరూ కొలవలేరన్నది ఆ తోటలో నిలబడినప్పుడు నాకు భయంగా కాక, ఊరటగా తోచింది. కొలవలేనిదాన్ని మోయాల్సిన పని నాకు లేదు.

ఒక రాత్రి ఇంటికొచ్చేసరికి ముంత మీద మూత లేదు. ఎవరు తీశారని నేను అడగలేదు. మా ఆవిడ చెప్పలేదు. ఆ రాత్రి ప్రార్థనకు కూర్చున్నాను. తర్వాత వాన వచ్చిందనీ, బోరు పొంగిందనీ రాయగలిగితే బాగుండేది. అట్లా జరగలేదు. అప్పు తీరడానికి ఏడేళ్లు పట్టింది, నెల నెలా జీతంలోంచి కట్టి. కానీ ఆ ఏడేళ్లూ నేను రాత్రుళ్లు నిద్రపోయాను.

అందుకే పది ఇస్తే వంద వస్తుందని వేదికల మీద చెప్పే మాటలు వింటే నాకు బాధ కలుగుతుంది. దేవుణ్ణి వడ్డీ వ్యాపారి పక్కన నిలబెట్టే మాట అది. పేదరాలు నమ్మి ఇస్తుంది, రానప్పుడు తన విశ్వాసమే చాల్లేదని ఏడుస్తుంది. దానికంటే కూడా నన్ను ఎక్కువ బాధించేది, అప్పుల్లో మునిగిన రైతు ఇంటికి పోయి, చింతపడకు తమ్ముడూ, ప్రభువు చూసుకుంటాడు అని ఉత్త చేతులతో చెప్పి వచ్చేయడం. అనంతపురం పల్లెల్లో ఎన్ని ఇళ్లలో పురుగుమందు డబ్బా ఎంత పని చేసిందో మనందరికీ తెలుసు. తిండి, బట్ట లేనివారికి సమాధానంగా వెళ్లమని చెప్పి ఏమీ ఇవ్వకపోతే ఏం లాభమని యాకోబు తన పత్రికలో ఎప్పుడో అడిగాడు. చింతపడొద్దని చెప్పే నోటి పక్కన గుప్పెడు బియ్యం పట్టుకున్న చెయ్యి ఉండాలి. యేసు రాజ్యం ఒక్కటే వెదకమనలేదు, పక్కనే నీతి అన్నాడు. ఆ నీతిలో పక్కింటి పొయ్యి కూడా ఉంది.

ఈ జిల్లాలో ఆ మాటకు ఒక పెద్ద రూపం మనం చూశాం. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ జెస్యూట్ సభను వదిలిన మనిషి. బావులు, ఇళ్లు, బడులు, ఆసుపత్రులు అంటూ 2009లో కన్నుమూసేదాకా ఇక్కడే ఉన్నాడు. బావి తవ్వించడం లౌకికమైన పని, ప్రార్థన ఆత్మీయమైన పని అని గీత గీసేవాళ్లకు ఆయన బతుకు జవాబు. ముందు దేన్ని వెదుకుతున్నామో సరిగ్గా తెలిస్తే బావి తవ్వడం కూడా ప్రార్థనలోకే వస్తుంది.

మా గుడిలో కోతకాలపు పండుగ రోజు ఇప్పటికీ వేలం ఉంటుంది. జొన్న కంకులు, కాయలతో పీకిన వేరుశనగ చెట్లు, గుమ్మడికాయలు, కోళ్లు. ఒక సొరకాయను బజారు ధరకు పదింతలు పెట్టి ఒకరు పాడుకుని, మళ్లీ బల్ల మీదే పెడతారు. ఇంకొకరు పాడుకుంటారు. పండిన ఏడు అది అందంగా ఉంటుంది. పండని ఏడు ఇంకా అందంగా ఉంటుందని నేనంటాను. చేలో పంట లేకపోయినా, దొడ్లో పశువు లేకపోయినా దేవునిలో ఆనందిస్తానన్న హబక్కూకు మాట అప్పుడే మా నోట నిజమవుతుంది. రెండు కంకులే తెచ్చి బల్ల మీద పెట్టే చేతులు ఎంత జాగ్రత్తగా పెడతాయో చూడాలి.

గుప్పెడు బియ్యం అలవాటు మాత్రం తగ్గిపోయింది. ఇప్పుడు కుక్కరుకు గ్లాసు కొలత. గుడి కానుకకు ఫోన్ ఉంది. ఫోన్‌లో ఇచ్చేది తక్కువదని నేననను. కానీ అది నెలకోసారి, జీతం పడ్డాక, అన్నీ కట్టుకున్నాక గుర్తొచ్చేది. ముంత రోజుకు రెండుసార్లు గుర్తు చేస్తుంది, ఆకలి వేసిన వేళకే. అందుకే మా సంఘంలో కొన్ని ఇళ్లవాళ్లం ఆ బుట్టను వదల్లేదు.

పోయిన వారం ఆ బుట్టలోని బియ్యం ఊరి చివర ఒక ఇంటికి పోయాయి. ఆ ఇంటాయన కూలికి బెంగళూరు పోయాడు, నెలగా డబ్బు పంపలేదు. బియ్యం పట్టుకుపోయింది నేనే. ఆమె సంచి అందుకుని, నన్ను మంచం మీద కూర్చోమని లోపలికి పోయింది. తలుపు తీసే ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టింది. చాటలోకి ఇద్దరు పిల్లలకూ తనకూ సరిపడా కొలిచింది. ఒక గుప్పెడు తీసి గూట్లో ఉన్న స్టీలు డబ్బాలో వేసింది.

నాకు మా అవ్వ నియమం గుర్తొచ్చి, ఉండబట్టలేక, "ఎందుకమ్మా, ఈ వారానికి వద్దులే" అన్నాను.

ఆమె చెయ్యి తుడుచుకుంటూ నా వైపు చూసింది. "ఇది అప్పు కాదు కదన్నా" అని, మిగిలిన బియ్యం కడిగి ఎసట్లో పోసింది.